టేబుల్ గుడ్డ కింద బుచ్చవ్వ

జనగామ,
ఆదివారం.

అక్కకు, బావకు, అవ్వకు దండాలు.

ఇక్కడ నేనూ మీ మరిదీ బాగున్నాం. మిషను కూడా బాగుంది. మొన్న సూది విరిగింది గానీ నా వేలికేమీ కాలేదు, కాబట్టి కంగారు పడకండి. అవ్వ మోకాళ్లు ఎట్లా ఉన్నాయి? బర్రె ఈనిందా? పిల్లలు బడికి పోతున్నారా, లేక బంద్ పేరు చెప్పి పొద్దంతా గోదావరి ఒడ్డునే ఉంటున్నారా? ఫోనులో అడుగుదామంటే మన ఊళ్లో కట్ట ఎక్కితే గానీ సిగ్నల్ దొరకదు. నువ్వు కట్ట ఎక్కి, "ఆఁ? ఏందే? ఇనపడ్తలే" అంటుండగానే ఫోను కట్ అయిపోతుంది. అందుకే ఉత్తరం. కలం పట్టుకుంటే నాకు సారు నేర్పిన బడి తెలుగే వస్తుంది, ఏం చేయను? చదివేటప్పుడు నవ్వకు.

మళ్లీ చెప్తున్నాను, నేను బాగున్నాను. జనగామలో పోలీసులు వచ్చారని, ఆ గొడవలో మీ మరదలు కూడా ఉందని బావతో ఎవరో అన్నారట. పోలీసులు రావడం నిజం. నేను అక్కడ ఉండటమూ నిజం. కానీ నన్నెవరూ ఏమీ అనలేదు. ఏం జరిగిందో మొదటి నుంచి రాస్తాను, బావకు చదివి వినిపించు.

నేను కుట్టే దుకాణం యాకూబ్ భాయ్‌ది. ఆయన ఒకప్పుడు పెళ్లి పందిళ్ల గుడ్డలు, బడి పిల్లల డ్రెస్సులు కుట్టేవాడట. ఇప్పుడు రైతు మేళాలు ఎక్కువయ్యాయి కదా, విత్తనాల వాళ్లు, మోటార్ల వాళ్లు, మందు కొట్టే పంపుల వాళ్లు వరసగా స్టాళ్లు పెడుతున్నారు. ప్రతి స్టాలులో ఒక టేబులు, దాని మీదికి కంపెనీ పేరుతో ఒక గుడ్డ. టేబులు మీద దుప్పటి పరిస్తే సరిపోదా అని మొదట్లో నేనూ అనుకున్నాను. ఆ మాట అన్నందుకు యాకూబ్ భాయ్ నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు.

"దుప్పటి పండేటందుకమ్మా. గిది చూసేటందుకు" అన్నాడు.

ఆయన దగ్గర చాలా నేర్చుకున్నాను అక్కా. "ఆరడుగుల టేబులే" అని ఎవరు చెప్పినా నమ్మకుండా మనమే పోయి టేపు పెట్టి కొలవాలి. పట్టులాగా మెరిసే గుడ్డ ఫోటోలో బాగుంటుంది గానీ టేబులు మీద నిలవదు, జారిపోతుంది, ముడతలు పడుతుంది. కొంచెం మందం పాలిస్టర్ అయితే ఉతికి ఆరేస్తే చాలు, ఇస్త్రీ అవసరం తక్కువ. కంపెనీ పేరు కిందికి వేస్తే నిలబడ్డ వాళ్ల కాళ్లు అడ్డం పడతాయి, అందుకే పై భాగంలోనే వేయాలి. అన్నింటికన్నా ముఖ్యం, గుడ్డ ముందూ పక్కలా నేల దాకా రావాలి, వెనక మాత్రం తెరిచి ఉండాలి. అప్పుడు అట్టపెట్టెలు, టిఫిన్ డబ్బాలు, చెప్పులు అన్నీ టేబులు కిందికి తోసేయొచ్చు, ముందు నుంచి చూసేవాళ్లకు ఏమీ కనపడదు. ఈ చివరి మాట గుర్తు పెట్టుకో, కథంతా దాని మీదే ఉంది.

మేళా అయిపోయాక గుడ్డలు ఉతికి ఇచ్చే పని కూడా మాదే. చల్లనీళ్లలో ముంచాలి, గట్టిగా పిండకూడదు, నీడలో ఆరేయాలి, మడత పెట్టకుండా చుట్టాలి. గొడవంతా ఈ నీడతోనే వచ్చింది. జనగామలో ఎండకు కరువు లేదు, నీళ్లకూ నీడకూ కరువు. మా దుకాణానికి నీడ లేదు. మేము అద్దెకుండే ఇంటికి మాత్రం పెద్ద వసారా ఉంది. ఇల్లుగలామె బుచ్చవ్వ మంచం ఆ వసారాలోనే ఉంటుంది. నేను తీగలు కట్టి గుడ్డలు ఆరేస్తే, ఆమె మంచానికి నాలుగు పక్కలా ట్రాక్టర్ల కంపెనీలు, విత్తనాల కంపెనీలు వేలాడేవి.

"ఏం పొల్లా, నేనేమన్న అమ్మకానికున్ననా?" అని ఒకరోజు ఆమె గట్టిగా అరిచింది. "నెల దాటితే ఖాళీ చెయ్యి. నీ గుడ్డల నడుమ పండలేకపోతున్న."

ఈ తెలంగాణ బందుల మధ్య ఇంకో ఇల్లు ఎక్కడ దొరుకుతుంది? మీ మరిది యాకూబ్ భాయ్ ట్రాలీ ఆటో నడుపుతాడు, ఎప్పుడు ఏ రోడ్డు మూస్తారో తెలియక సగం రోజులు ఆ ట్రాలీలోనే కూర్చుని ఉంటాడు. ఇద్దరం మూట కట్టుకుని ఊరికి వచ్చేస్తే బావ ఏమంటాడో నాకు తెలుసు. ఆ రాత్రి అన్నం తిన్నానని నీకు అబద్ధం చెప్పాను ఫోనులో. ఇప్పుడు నిజం రాస్తున్నాను, తినలేదు.

ఇంతలో జనగామ బడి మైదానంలో రైతు మేళా వచ్చింది. గుంటూరు వైపు నుంచి మందు పంపుల కంపెనీ తరఫున శ్రీనివాసరావు అనే ఆయన వచ్చాడు. సన్నగా ఉంటాడు, ప్రతి మాటకూ చివర 'అండీ' తగిలిస్తాడు. ఈ రోజుల్లో ఇటు వచ్చినందుకు లోపల భయం. నేను "గిట్ల కుడ్తె మంచిగుంటది సార్" అంటే, మొదటి రోజు ఆయన నవ్వి, "మీ భాష భలే ఉందండీ, సినిమాలో విన్నట్టే" అన్నాడు. నేను టేపు తీసి టేబులు కొలవడం మొదలుపెట్టాను. కానీ ఆయన మోకాళ్ల దాకా చాలు అంటే, నేల దాకా కావాలని పట్టుబట్టి తెల్ల గుడ్డకు ఆకుపచ్చ అక్షరాలతో కుట్టి ఇచ్చాను.

మేళా రోజు మైదానం బయట హైదరాబాద్ రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. తెలంగాణ కావాలని రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే కూర్చుని తింటారు. ఆడవాళ్లందరికీ ముందు మా బుచ్చవ్వ, చేతిలో గరిటె. పులిహోర వాసన శ్రీనివాసరావు స్టాలు దాకా వస్తోంది. గుడ్డ సరిగ్గా కూర్చుందో లేదో చూడమని యాకూబ్ భాయ్ నన్ను స్టాలు దగ్గరే ఉంచాడు.

ఉన్నట్టుండి విజిళ్లు, పరుగులు. పోలీసులు రోడ్డు ఖాళీ చేయిస్తున్నారు. జనం మైదానంలోకి ఉరికారు. ఆ గుంపులోంచి బుచ్చవ్వ వచ్చింది, కొంగు నడుముకు చుట్టుకుని, రెండు చేతులతో పులిహోర గిన్నె పట్టుకుని.

"గిన్నె ఇడిసి ఉరుకవ్వా!" అని ఎవరో అరుస్తున్నారు.

"గిన్నె నాది! ఎందుకిడుస్త?" అంటూ ఆమె సరాసరి మా టేబులు వెనక్కి వచ్చి, గిన్నెతో సహా కింద దూరింది. నేను గుడ్డ సర్దాను. శ్రీనివాసరావు నోరు తెరిచి నా వైపు చూశాడు. నేను దండం పెట్టాను. ఇంతలో ఎస్సై రానే వచ్చాడు.

"ఇటు ఒక ముసలామె వచ్చిందా?"

నేను వంగి గుడ్డకు లేని ముడత సాపు చేశాను. ఎస్సై గాలి పీల్చాడు. "ఏంది గీ వాసన? పులిహోర లెక్కున్నది?"

అక్కా, అప్పుడు శ్రీనివాసరావు నోరు విప్పాడు. "అది మా కొత్త మందు వాసనండీ. పసుపు, చింతపండు, కరివేపాకు కలిపి చేశాం. పూర్తిగా సేంద్రియం. మిరపతోటకి కొడితే పురుగు దగ్గరికి రాదండి."

"పురుగు రాదా? గీ వాసనకు నాకే ఆకలైతున్నది" అన్నాడు ఎస్సై.

సరిగ్గా అప్పుడే టేబులు కింద నుంచి ఎక్కిళ్లు. ఏమైందంటే, ఊరికే కూర్చోలేక బుచ్చవ్వ లోపల పులిహోర తింటోంది! నేను వెంటనే ఛాతీ మీద చేయి వేసుకుని ఎక్కిళ్లు పెట్టాను.

"నీకా?" అన్నాడు ఎస్సై.

"నాకే సార్. పొద్దటి సంది గిట్లనే."

"నీళ్లు తాగు."

సీసా ఎత్తి నోటి నిండా నీళ్లు పోసుకున్నాను. నా నోట్లో నీళ్లు ఉండగానే కింద నుంచి ఇంకో ఎక్కిలి వచ్చింది, ఇంతకు ముందుకన్నా గట్టిగా. ఎస్సై నా ఉబ్బిన బుగ్గలు చూశాడు. తర్వాత శ్రీనివాసరావును చూశాడు, ఆయన చొక్కా అప్పటికే చెమటకు తడిసిపోయింది. తర్వాత కిందికి చూశాడు. గుడ్డ అంచు కింద నుంచి వెండి మెట్టె తొడిగిన కాలి వేలు ఒకటి బయటికి వచ్చి ఉంది.

నా పని అయిపోయిందనుకున్నాను. ఇల్లు, పని, జనగామ, అన్నీ.

ఎస్సై వంగాడు. గుడ్డ అంచు పట్టుకుని మెల్లగా లాగి ఆ వేలు మీద కప్పాడు. లేచి, "గుడ్డ మంచిగ కుట్టిన్రు" అన్నాడు. రెండడుగులు వేసి ఆగి, మా వైపు తిరగకుండానే, "మా అవ్వ సుత మా ఊరి రోడ్డు మీద వంటకే పోయిందట పొద్దుగాల. ఆమెను ఎవ్వలు దాస్తున్నరో ఏమో" అని వెళ్లిపోయాడు.

నోట్లో నీళ్లు మింగడం కూడా మరిచిపోయాను. మీ మరిది ఎక్కడ ఉన్నాడంటావా? ట్రాలీ వెనక. ట్రాలీని కాపాడుతున్నాడట.

బుచ్చవ్వ మోకాళ్లు పట్టేసి బయటికి రాలేకపోయింది. నేనూ శ్రీనివాసరావూ చెరో చేయి పట్టి లాగాం. ఆమె లేచి నిలబడి, కొంగు దులుపుకుని, ఆయన్ని కింది నుంచి మీది దాకా చూసింది.

"నువ్వు ఆంధ్రోనివా బిడ్డా?"

"అ... అవునమ్మా."

"అబద్ధం మంచిగ చెప్తున్నవు. కూసో, తిను. రాష్ట్రమొచ్చినంక గిట్ల పెట్టుడు కష్టం, తినేటోళ్ల లైను ఎక్కువుంటది."

ఆయన కూర్చుని తిన్నాడు. రెండోసారి కూడా పెట్టించుకున్నాడు. వెళ్లేటప్పుడు నాతో, "ఆ రోజు భాష గురించి అలా అనకూడదండీ" అన్నాడు. "జర ఎక్కువనే అన్నరు" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

గుడ్డ లోపలి వైపు పసుపు మరక అరచేయంత పడింది. నేను తొందరపడి సబ్బు పెట్టాను, అది కాస్తా కుంకుమ రంగుకు తిరిగింది. యాకూబ్ భాయ్ తల పట్టుకుని, "అరే సారక్కా! పసుపుకు సబ్బు పెడ్తరా? నీళ్లతోని కడిగి ఎండల ఏస్తె ఎండనే గుంజుకుంటది" అన్నాడు. అన్ని గుడ్డలకూ నీడ, పసుపు మరకకు మాత్రం ఎండ. ఇది నువ్వు కూడా గుర్తు పెట్టుకో, పెళ్లి చీరలకు పనికొస్తుంది. బుచ్చవ్వ తానే ఆ గుడ్డను మిద్దె మీదికి తీసుకుపోయి, కాకి వాలకుండా పక్కనే గొడుగేసుకుని కూర్చుంది. మరక పోయింది. ఇల్లు ఖాళీ చేసే మాట ఆమె మళ్లీ ఎత్తలేదు. నేనూ గుర్తు చేయలేదు.

నిన్న ఆమె ఇంకో ఇద్దరు ఆడవాళ్లను వెంటపెట్టుకుని దుకాణానికి వచ్చింది. చౌరస్తాలో రిలే దీక్షల టెంటుంది కదా, అందులో టేబులుకు గుడ్డ కావాలట. "ఎంత సైజ్ అవ్వా?" అని యాకూబ్ భాయ్ అడిగితే, ఆమె కొంగు బిగించి మా కత్తిరించే బల్ల కిందికి దూరింది. మిగతా ఇద్దరూ ఆమె వెనకే దూరారు. నేను టేపు పట్టుకుని చుట్టూ కొలుస్తుంటే లోపల నుంచి గొంతు వినిపించింది: "జర ఇగురంతోని, గట్టిగ కుట్టు బిడ్డా. రాష్ట్రమొచ్చే దాక ఆగాలె."

ఇప్పుడు అదే కుడుతున్నాను. అవ్వకు చెప్పు, నేను వేళకు తింటున్నానని, ఈసారి నిజంగానే. మన మహదేవపూర్ నుంచి ఇటు ఎవరైనా వస్తే ఎండుచేపలు పంపించు, ఇక్కడ దొరికేవాటికి మన గోదావరి రుచి లేదు. బావకు, ఊళ్లో పెద్దలందరికీ నా దండాలు. నా మీదా, మీ మరిది మీదా, ఆయన కాపాడిన ట్రాలీ మీదా మీ దీవెన ఉండనీయండి.

మీ
సారక్క