బాపుకు చెప్పని రిజల్ట్

సెప్టెంబర్ 17
జగిత్యాలలో ఇంజినీరింగ్ క్లాసులు మొదలయ్యాయి. రుద్రంగిలో పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంటర్‌లోనూ సార్లు తెలుగులోనే చెప్పేవారు. ఇక్కడ సార్ గంటసేపు ఇంగ్లీషులో చెప్పిన దాంట్లో నాకు తెలిసిన మాటలు రెండే: ఓకే, నెక్స్ట్.

సెప్టెంబర్ 29
ల్యాబ్‌లో నా ప్రోగ్రాం రన్ కాలేదు. రూమ్మేట్ నాహీద్ స్క్రీన్ చూసి కాపీ కొట్టాను. మేడమ్ చూసి గుడ్ అంది.

అక్టోబర్ 5
బాపు వీడియో కాల్ చేశాడు. దుబాయిలో బిల్డింగ్ పని ఆయనది. ఇవాళ సెలవు. క్యాంపు రూములో అందరికీ నన్ను చూపించాడు. "మా బిడ్డ ఇంజినీరు! ఏదన్న ఇంగ్లీష్ల మాట్లాడు బిడ్డా, వీళ్లు వింటరు" అన్నాడు. కేరళ అంకుల్ ఒకాయన కాలేజీ ఎలా ఉందని అడిగాడు. ఫైన్ అన్నాను. ఆ తర్వాత ఏమడిగాడో అర్థం కాలేదు. నెట్‌వర్క్ లేదని కట్ చేశాను.
నెట్‌వర్క్ బాగానే ఉంది.

నవంబర్ 12
మిడ్ పరీక్షల రిజల్ట్. మ్యాథ్స్ తప్ప అన్నీ పోయాయి. మార్కులు పేరు పిలిచి మరీ చదివారు. అమ్మకు ఫోన్ చేసి అన్నీ పాసయ్యానన్నాను.

నవంబర్ 16
అమ్మ ఆదివారం చర్చిలో లేచి నిలబడి నా పాస్ గురించి సాక్ష్యం చెప్పిందట. అందరూ చప్పట్లు కొట్టారట. ఫోన్‌లో ఎంత సంతోషంగా చెప్పిందో!

నవంబర్ 17
జ్వరమని క్లాసుకు పోలేదు. జ్వరం లేదు.

నవంబర్ 24
ఈ వారమూ అదే జ్వరం. అటెండెన్స్ తగ్గితే డిటెయిన్ చేసి ఏడాది ఆపేస్తారని, ఇంటికి ఫోన్ చేస్తామని హెచ్‌ఓడీ కబురు పంపారు. బస్టాండ్‌కు పోయి రుద్రంగి బస్సెక్కి కూర్చున్నాను. కండక్టర్ నా సీటు దాకా వచ్చేలోపు దిగిపోయాను. ఇంటికి పోయి ఏం చెప్పాలి? హాస్టల్‌కు తిరిగి పోయి ఏం చేయాలి? స్టాండ్‌లోనే కూర్చుండిపోయాను. ఎవరో ముసలమ్మ ఎక్కడికి పోవాలె బిడ్డా అని అడిగింది. నాకు తెలియలేదు.

నవంబర్ 25
నేను లేకపోతే ఎవరికీ ఏమీ చెప్పే పని ఉండదు.

నవంబర్ 29, కోరుట్ల
నిన్న పొద్దున హాస్టల్‌లో ఆ మాట నాహీద్ ముందు పైకి అనేశాను. టిఫిన్ ప్లేటు కింద పెట్టేసింది. "ఎన్ని రోజులసంది గిట్ల అనుకుంటున్నవే?" అని అడిగింది. ఇక నన్ను వదల్లేదు. బాత్రూంకు పోయినా తలుపు బయట నిలబడింది. వార్డెన్‌తో మాట్లాడి, నన్ను కోరుట్లలో వాళ్లింటికి తీసుకొచ్చింది.
వాళ్లమ్మ హలీమాబీ ఏమీ అడగలేదు. "తిను బిడ్డా, ముచ్చట తర్వాత" అంది. తిన్నాను. తింటూనే ఏడ్చాను. అప్పుడు అంది, "మీ బాపుకు చెప్పాలె. నేను పక్కన్నే కూసుంట."
చెప్పాను. ఫెయిలైన సంగతి, జ్వరం సంగతి, చచ్చిపోవాలనిపిస్తోందన్న సంగతి కూడా. అటు బాపు గట్టిగా ఊపిరి తీస్తున్న చప్పుడు. కోపమొచ్చిందనుకున్నాను. ఏడుస్తున్నాడు.
"మా ఫోర్‌మన్ చెప్పేది నాకిప్పటికీ సగం సమజ్ గాదు బిడ్డా. తలూపుత. ఒకపారి గట్లనే తలూపి పోతె కాలు మీద రాడ్డు పడ్డది. మీకు చెప్పలే."
ఫోన్ చెవికి ఇంకా గట్టిగా నొక్కుకున్నాను.
"నువ్వు తలూపకు. అడుగు. నవ్వెటోళ్లను నవ్వనీ. ఫెయిలైతె ఏమాయె. నాకు నువ్వుంటె చాలు."

డిసెంబర్ 2
హాస్టల్‌కు తిరిగొచ్చాక వార్డెన్ నన్ను కౌన్సెలర్ మేడమ్ దగ్గరికి పంపింది. ప్రతి వారం రమ్మన్నారు. ఆ ఆలోచన ఇంకా వస్తోందని చెప్పాను. వచ్చినప్పుడల్లా ఫోన్ చేయమని నంబర్ ఇచ్చారు. డిటెయిన్ చేస్తారో లేదో తెలియదు.
అమ్మకు బాపే చెప్పాడు. అమ్మ ఫోన్ చేసింది. "చర్చిల అందరు అడుగుతె నేను చెప్పుకుంట తీ. నువ్వు అన్నం తింటున్నవా?"

డిసెంబర్ 5
క్లాసు మధ్యలో లేచి నిలబడ్డాను.
"సార్, నాకు సమజ్ కాలే."
వెనక ఎవరో నవ్వారు. సార్ ఆగి, ఎక్కడి నుంచి అని అడిగారు.
"మొదటి సంది సార్."