సీలు తీయని గొట్టం

చెల్లీ,

అక్క దీవెనలు. ఇక్కడ అందరం క్షేమం. నన్ను మినహాయించాలేమో, మూడు రోజులుగా కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోతున్నాను. ఈ ఉత్తరం మొదలుపెట్టడం ఇది నాలుగోసారి.

ముందు నువ్వడిగినవి చెబుతాను. మీ బావ మోకాలు నయం. రేపు పని మీద మీ ఊరు వస్తూ ఈ ఉత్తరం తనే తెస్తున్నారు. నా కుట్ల దగ్గర దురద తగ్గింది. కిడ్నీ ఒకటే మిగిలినా కోపం మాత్రం సగం కాలేదని ఆయన ఫిర్యాదు.

ఇక మాత్రల సంగతి. నీ ఒంట్లో టి కణాలు కాపలావాళ్లు. నీకిచ్చిన నా కిడ్నీ వాటికి పరాయిది. అవి దాని మీద పడకుండా ఆపేవే నీ మాత్రలు. ఆ కణాలు దాడికి దిగాలంటే రెండు సంకేతాలు అందాలి: ఇది పరాయిదని ఒకటి, ఇక కదలమని ఇంకొకటి. మొదటిదొక్కటే అందితే కణం మొద్దుబారిపోతుంది. తర్వాత రెండూ ఇచ్చినా ఉలకదు పలకదు. మా ల్యాబులో కణాలు అలా మొద్దుబారాయని పోయిన నెల నీకు గొప్పగా చెప్పాను.

సోమవారం ఫ్రిజ్ సర్దుతుంటే రెండో సంకేతానికి వాడే మందు గొట్టం కనబడింది. సీలు కూడా తీయలేదు. మొద్దుబారాయో లేదో తేల్చే పరీక్షలో రెండు సంకేతాలూ ఇవ్వాలి; నేను అది వేయనే లేదు, ఇంక కణాలు ఎందుకు కదులుతాయి? పని మొదలుపెట్టకముందే కాగితం మీద టిక్కులన్నీ పెట్టేసే నా పాడు అలవాటు నీకు తెలుసు. చిన్నప్పుడు నీ లెక్కలు అలాగే దిద్ది నీకు తిట్లు తినిపించాను.

"పోనీలే, మళ్లీ చేద్దాం. బయట ఎవరికైనా చెప్పావా?" అన్నారు మా ల్యాబు మేడం.

"లేదండీ" అన్నాను. అబద్ధం.

ఆ సాయంత్రమే నువ్వు ఫోను చేశావు. "అక్కా, కణాలు దారికొచ్చాయిగా, ఒకటో తారీఖు నుంచి సాయంత్రం మాత్ర మానేయనా?" అన్నావు. వద్దని ఒక్క మాట అనాల్సింది. "చూద్దాంలే" అన్నాను. చాలా రోజులకు నువ్వు నవ్వుతున్నావు, ఆ నవ్వు చెడగొట్టలేకపోయాను. తర్వాత రెండుసార్లు ఫోను చేతిలోకి తీసుకుని పెట్టేశాను. అసలు నా ఫలితం నిజమైనా అది ల్యాబు పళ్లెంలోని కణాలకే, నీకు కాదు. ఇంత తెలిసీ ఎందుకు దాచానంటే, నా ఒంట్లోది నీ ఒంటికి ఇంకా పరాయిదేనని ఒప్పుకోవడం నాకు చేతకాలేదు.

మాత్ర మానొద్దు. ఒకటో తారీఖుకు ఇంకా నాలుగు రోజులున్నాయి గానీ నీ తొందర నాకు తెలుసు. ఇప్పటికే మానేసి ఉంటే ముందు మీ డాక్టరుకు ఫోను చెయ్యి. సాయంత్రం మాత్ర నువ్వు వేసుకోవడం కళ్లారా చూశాకే గుమ్మం దిగమని మీ బావకు చెప్పాను. ఆ తర్వాత నన్ను తిట్టు. ఎంతసేపు తిట్టినా ఫోను పెట్టేయను.

ఇట్లు,
నీ కణాలు నన్నెవరనుకున్నా,
నీ అక్క