తీగ తెగిన వారాలు

ఆదివారం, జనవరి 7

ఐదో షబ్బాత్ కూడా ఇంట్లోనే అయిపోయింది.

మా యూదులకి శనివారం విశ్రాంతి దినం, నిన్న రాయకూడదు కాబట్టి ఇవాళ రాస్తున్నాను. నిన్నే రాయగలిగితే పేజీ చిరిగేలా రాసేదాన్ని.

డిసెంబర్ మొదట్లో మంచుతుఫానుకి తీగ తెగింది. మా పేట చుట్టూ స్తంభాల మీదుగా కట్టిన తీగ. అది నిలబడి ఉన్నంతకాలం పేటంతా ఒకటే ఇల్లు లెక్క. షబ్బాత్ రోజు బిడ్డని ఎత్తుకోవచ్చు, బండిలో తోసుకుపోవచ్చు, పుస్తకం పట్టుకెళ్ళచ్చు. తెగిందంటే వీధి వీధే. గుమ్మం దాటి జేబురుమాలు కూడా మోయకూడదు. నడవగలిగినవాళ్ళు చేతులూపుకుంటూ మందిరానికి పోతారు. మా పాప మజాల్‌కి ఎనిమిది నెలలు. అది నడవదు. కాబట్టి నేనూ నడవను.

మా ఆయన యఖీల్ శుక్రవారం సాయంత్రం వెళ్ళాడు. శనివారం పొద్దున వెళ్ళాడు. మధ్యాహ్నం పాఠానికి మళ్ళీ వెళ్ళాడు. వచ్చి చేప తింటూ, మండే పొద దగ్గర మోషే చెప్పులు ఎందుకు విప్పాడో మా గురువు రబ్బీగారు చాలా బాగా చెప్పారన్నాడు. ఎందుకు విప్పాడు అని అడిగాను. అది తర్వాత గుర్తొస్తుందిలే, ఇంకో ముక్క వెయ్యి అన్నాడు. ఇవాళ్టికీ గుర్తురాలేదు.

ఎదురుగా ఉంటే మీరు అంటాను. ఈ పుస్తకం ఎవరూ చూడరు కాబట్టి అన్నాడు అని రాస్తున్నాను.

పైగా తీగ చూసే బాధ్యత ఆయనదే. గురువారం గురువారం చుట్టూ తిరిగి చూసి, బాగుందో లేదో అందరి ఫోన్లకీ మెసేజ్ పెడతాడు. మందిరం నోటీసు బోర్డు మీద ఆయన పేరుంది. ఐదు వారాల నుంచి లేదు, లేదు, లేదు అని పెడుతున్నాడు. చాలా పద్ధతిగా పెడుతున్నాడు.

మంగళవారం, జనవరి 9

తీగ లేదు. మంచు ఉంది.

గురువారం, జనవరి 11

రబ్బీగారి భార్య పెనీనా గారు ఫోన్ చేశారు. శనివారం మధ్యాహ్నం మూడున్నరకి ఆడవాళ్ళకి పాఠం చెప్పేది ఆవిడే. వారానికొకరు మా తోరా గ్రంథంలో ఆ వారం భాగంలోంచి నాలుగు వాక్యాలు హీబ్రూలో చదివి, తమకేమనిపించిందో చెప్పాలి. నా వంతు మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ గొంతు నొప్పి అన్నాను.

అమ్మా శుషెన్, నీ గొంతు ఇప్పుడెలా ఉంది అని అడిగారు. నవ్వుతున్నారో లేదో తెలియలేదు. జనవరి 27న సముద్రం దాటే భాగం వచ్చే వారం, ఆకాశం నుంచి రాలిన మన్నా అనే ఆహారం గురించి నాలుగు వాక్యాలు చాలు, అప్పటికి తీగ కూడా వేసేస్తారు అన్నారు.

కాకసస్ కొండల్లో మా ఊళ్ళో నేను ఏడో తరగతి దాకా చదివాను. అదీ రష్యన్ అక్షరాలతో. ఆ తర్వాత అమ్మకి జబ్బు చేసింది, వంట నా మీద పడింది. హీబ్రూ అక్షరాలు ఒక్కొక్కటే పట్టుకుని చదవగలను, చీకట్లో మెట్లు దిగినట్టు. ఆ పాఠం గదిలో అందరూ ఇక్కడే పుట్టి ఇక్కడే చదివినవాళ్ళు. వార్తాపత్రిక చదివినట్టు చదివేస్తారు. పెళ్ళై ఈ ఊరొచ్చి మూడేళ్ళైనా నేను ఆ గదిలో మాట్లాడింది కేకు చాలా బాగుంది అని. అంతే.

సరే అన్నాను. 

ఆదివారం, జనవరి 14

ఆరు.

పక్క వీధి డీనా ఫోన్ చేసింది. కవలపిల్లల తల్లి, నా కంటే ఎక్కువ చిక్కుకుపోయింది. తీగ కమిటీ గురువారం సాయంత్రం కూర్చుందట. పన్నెండుమంది మగాళ్ళు రెండు గంటలు కూర్చుని, ఎంత పొడుగు నిచ్చెన కావాలో తేల్చలేక లేచిపోయారట. ఆ పన్నెండుమందికీ తలో బిడ్డనిచ్చి తలుపు గొళ్ళెం పెట్టమను, తెల్లారేసరికి స్తంభమెక్కి వాళ్ళే కడతారు అంది. నాకు భలే నవ్వొచ్చింది. నవ్వాక ఏడుపొచ్చింది.

ధైర్యం చేసి యఖీల్‌ని అడిగాను. 27న ఒకవేళ తీగ లేకపోతే ఒక్క గంట మజాల్‌ని చూస్తారా అని. మగవాళ్ళ పాఠం కూడా ఆ వేళకే కదా అన్నాడు. అక్కడ పుస్తకాలు సర్దేది నేనే, నేను వెళ్ళకపోతే ఎవరు సర్దుతారు అన్నాడు. పుస్తకాలు ఇరవై. వాటికి కాళ్ళు లేవు, ఆకలి లేదు. అది పైకి అనలేదు.

నా దగ్గర అది ఏడుస్తుంది శుషీ, నీకు తెలుసుగా అని కూడా అన్నాడు. ఏడవదా మరి, పార్శిల్ పట్టుకున్నట్టు పట్టుకుంటే.

బుధవారం, జనవరి 17

పెనీనా గారు పంపిన నాలుగు వాక్యాలూ రష్యన్ అక్షరాల్లో ఒక కాగితం మీద రాసుకున్నాను. తడబడితే ఆ కాగితం చూసి గట్టెక్కచ్చు. అర్థం ఇంగ్లీషు పుస్తకంలో వెతుక్కున్నాను. ఎడారిలో జనం ఏడో రోజు కూడా మన్నా ఏరుకోవడానికి బయల్దేరారు. అప్పుడు దేవుడన్నాడు: ఏడో రోజున ఎవరూ తానున్న చోటు విడిచి వెళ్ళకూడదు.

అన్ని వాక్యాలుండగా నాకిదే దొరకాలా. ఆరు వారాల నుంచి నేను చేస్తున్నది అదే.

గిన్నెలు తోముతూ చదువుతుంటే యఖీల్ విని, అచ్చం మా నాయనమ్మలా పలుకుతున్నావే అని నవ్వాడు. తప్పులు రెండు దిద్దాడు. ఒకటి నిజంగానే తప్పు.

ఆదివారం, జనవరి 21

ఏడు. మజాల్ బల్ల అంచు కొరికింది. నాకూ కొరకాలనే ఉంది.

బుధవారం, జనవరి 24

తీగ వేసేశారు.

క్రేన్ బండితో ఒకాయన వచ్చి మధ్యాహ్నానికల్లా పూర్తి చేసి వెళ్ళాడట. యఖీల్ స్తంభం కింద నిలబడి ఫోటో దిగి పంపాడు, తనే ఎక్కి కట్టినట్టు. డీనా మెసేజ్ పెట్టింది: నా కవలలకి జైలు నుంచి విడుదల. నీలం జాకెట్టు ఇస్త్రీ చేశాను. మూడో వాక్యం ఇప్పుడు కాగితం చూడకుండా వస్తోంది. నాలుగోది కూడా, ఎవరూ నావైపు చూడకపోతే.

గురువారం, జనవరి 25

కారులో అయితే మజాల్ నిద్రపోతుందని యఖీల్ తీగ చూడ్డానికి వెళ్తుంటే నేనూ వెళ్ళాను. మొదటిసారి. పేట చుట్టూ ఇరవై నిమిషాలు. మెల్లగా నడుపుతూ కిటికీలోంచి తల బయటపెట్టి చూస్తాడు. వాగు దగ్గర తీగ రోడ్డు విడిచి పొదల వెనక్కి పోతుంది. అక్కడ దిగి నడవాలి. దిగలేదు. బురద, ఇక్కణ్ణుంచే కనిపిస్తోందిగా అన్నాడు. నాకు పొదలు కనిపించాయి, ఆకాశం కనిపించింది. తీగ కనిపించలేదు. నా చూపే మందమేమో అనుకుని ఊరుకున్నాను.

కారులోంచే మెసేజ్ పెట్టాడు. అంతా బాగుంది, షబ్బాత్ షాలోమ్.

శుక్రవారం, జనవరి 26, మధ్యాహ్నం 3:40

చేపలోకి సోంపాకు అయిపోయిందని మజాల్‌ని బండిలో వేసుకుని కొట్టుకెళ్ళాను. వాగు మీద కాలిబాట వంతెన ఉంది, అటునుంచి దగ్గర. వంతెన మధ్యలో ఆగాను. తీగ ఒక కొస స్తంభానికుంది. ఇంకో కొస వాగులో ఉంది. నీళ్ళు దాన్ని లాగి వదులుతున్నాయి.

నిన్నే తెగి ఉందో, రాత్రి గాలికి తెగిందో తెలియదు. దిగి చూసి ఉంటే తెలిసేది.

సోంపాకు తీసుకోకుండా తిరిగొచ్చాను.

4:10

యఖీల్ తల తుడుచుకుంటూ విన్నాడు. క్రేన్ ఆయనకి ఫోన్ చేశాడు. ఆయన వేరే ఊళ్ళో ఉన్నాడు, సోమవారం దాకా రాడు. యఖీల్ తువ్వాలు తలుపుకి తగిలించాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. చూడు శుషీ, తెలియకుండా మోసినవాళ్ళ మీద పెద్ద తప్పు ఉండదు. తెలిసి మోస్తేనే. ఎవరికీ తెలియదు. నువ్వు వంతెన మీదికి వెళ్ళలేదనుకో. రేపు హాయిగా వెళ్ళి నీ నాలుగు వాక్యాలు చదువుకో. నీ కోసమే చెప్తున్నాను.

నా కోసమే కాదు. నోటీసు బోర్డు మీద పేరు కోసం కూడా. కడిగిన కప్పునే మళ్ళీ కడుగుతున్నాడు.

షబ్బాత్ మొదలయ్యే కొవ్వొత్తులు వెలిగించాల్సింది 5:20కి. వెలిగించాక ఫోన్ ముట్టుకోకూడదు. అంటే నేను ఏమీ చేయక్కర్లేదు. ఊరికే చేప ఉడికిస్తూ ఉంటే చాలు, గడియారమే నా నోరు మూసేస్తుంది.

డీనా కవలలిద్దరికీ కొత్త టోపీలు కొంది. పొద్దునే ఫోటో పంపింది.

ఊరుకుంటే రేపు ఆ గదిలో డీనా ఎదురుగా కూర్చుని, చోటు విడిచి వెళ్ళకూడదన్న ఆ నాలుగో వాక్యం చదువుతాను. అందరూ పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని వింటారు. వాళ్ళకి తెలియదు. నాకు తెలుసు. నా బండి కూడా గోడవారన ఉంటుంది.

వెళ్ళకుండా ఇంట్లో ఉండిపోయినా అంతే. తెలిసి ఉండిపోవడం.

4:50

చేశాను.

పెనీనా గారు ఎత్తుతారనుకున్నాను. రబ్బీగారే ఎత్తారు. మూడేళ్ళలో ఆయనతో షబ్బాత్ షాలోమ్ అన్న పలకరింపు తప్ప ఏమీ మాట్లాడలేదు. నేను యఖీల్ భార్యని, వాగు దగ్గర తీగ నీళ్ళలో ఉంది అని ఒక్క ఊపిరిలో చెప్పేశాను. నీ కళ్ళతో చూశావామ్మా అన్నారు. కళ్ళతోనే చూశానన్నాను.

 ఆయన ఇలా అన్నారు. ఇది నాకు రేపు తెలిసి ఉంటే చీకటి పడేదాకా ఎవరికీ చెప్పేవాణ్ణి కాదు, తెలియక మోస్తున్నారు, పోనీలే అని వదిలేసేవాణ్ణి. ఇంకా పొద్దుంది. ఇప్పుడు చెప్పి తీరాలి.

నిన్న యఖీల్ చూశాడు కదా అన్నారు. చూశారండీ అన్నాను. ఎలా చూశాడని అడగలేదు. అడిగితే ఏం చెప్పేదాన్నో నాకే తెలియదు.

ఐదు నిమిషాల్లో మెసేజ్ వచ్చింది. మా రెండు ఫోన్లూ ఒకేసారి మోగాయి. డీనా నాకు విడిగా పెట్టింది: మీ ఆయన కళ్ళకి డాక్టర్ని చూపించు.

మా ఆయన నాతో మాట్లాడటం లేదు. తన గదిలో చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. గుండీలు ఆరే. ఇంకా పెట్టుకుంటూనే ఉన్నాడు.

నేను చేసింది మంచి పనైతే ఇంత మంట ఎందుకు. అందరి షబ్బాత్‌తో పాటు నాదీ తీసుకెళ్ళి ఆ వాగులో పడేశాను. ఎనిమిదో వారం. కొవ్వొత్తులకి వేళవుతోంది. ఆపేస్తున్నాను.

ఆదివారం, జనవరి 28

నిన్న మూడింటికి యఖీల్ కుర్చీలో కూర్చుని బూట్లు వేసుకోబోతున్నాడు. మజాల్‌ని తీసుకెళ్ళి ఒళ్ళో పెట్టాను. కోటు తొడుక్కున్నాను. ఇరవై పుస్తకాలూ ఎవరో ఒకరు సర్దుకుంటారు అన్నాను. అది నేనే అన్నానా అని మలుపు తిరిగేదాకా అనుకుంటూనే ఉన్నాను.

రెండు చేతులూ ఖాళీ. కాగితం బల్ల మీదే ఉంది, తీసుకెళ్ళకూడదు. చలికి ముక్కు కారింది, రుమాలూ లేదు. మోచేత్తో తుడుచుకున్నాను.

గదిలో పెనీనా గారు, ఫ్రూమా మామ్మ, నేను. పిల్లల తల్లులెవరూ రాలేదు. మామ్మకి ఎనభై ఆరు, చెవుడు. పుస్తకం ముందు పెట్టారు గానీ అక్షరాలు కదిలిపోయాయి. కళ్ళు మూసుకుని చూడకుండా చెప్పేశాను. నాలుగూ. మామ్మ నా మొహం చూస్తూ, ఈ అమ్మాయి బాగా చదువుతుందే, ఇన్నాళ్ళూ ఎందుకు దాచావు అని పెనీనా గారిని కోప్పడింది.

ఏమనిపించిందో చెప్పమన్నారు. ఏడు వారాలు ఆ వాక్యం చెప్పినట్టే ఉన్నాను, ఇవాళ చోటు విడిచి వచ్చాను, ఇది తప్పో ఒప్పో నాకు తెలియదు అన్నాను. ఆ మాటలు అనుకుని వెళ్ళినవి కావు. పెనీనా గారు, చోటు అంటే ఎంత దూరమో పెద్దలు కొలిచారు, నువ్వు ఇంకా ఆ కొలత లోపలే ఉన్నావు అన్నారు.

తిరిగొచ్చేసరికి మజాల్ ఆయన గుండె మీద నిద్రపోతోంది. ఒక కాలికి బూటు, ఒక కాలికి మేజోడు. కదిలితే లేస్తుందని నేను వెళ్ళినప్పటి నుంచీ ఆ కుర్చీలోంచి లేవలేదట. వేలితో ష్ అని చూపించాడు.

కాలు తిమ్మిరెక్కిందని ఇవాళ కూడా చెప్తున్నాడు.