పాడె పట్టని నెలలు

1961 జూలై 2, ఆదివారం. మందమర్రి.

ప్రార్థన ఇంట్లో ఇవాళ వాక్యం నాది. గొంతు బాగా పలికింది. పక్క హోటల్లో చాయ్ తాగేవాళ్లు గ్లాసులు పట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చి నిలబడ్డారు. అయినా బయటికి రాగానే ఆడవాళ్ల నోట ఒకటే మాట — "పంతులయ్యా, రత్నం సారు మల్ల ఎప్పుడొస్తడు?"

రత్నం! మీసం సరిగ్గా మొలవలేదు. పట్నంలో పాదిరీల వేదాంత పాఠశాలలో చదివి వచ్చాడట. నన్నెవరు చదివించారు? దీపాల గదిలో, బొగ్గు బాయిలోకి దిగేవాళ్లకు దీపాలు అందిస్తూ, షిఫ్టుకూ షిఫ్టుకూ నడుమ అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నవాణ్ణి. నా గ్రంథం ప్రతి పేజీ మీదా నా బొటనవేలి మసి ఉంది. వాడి పుస్తకం అంచులు ఇంకా మెరుస్తున్నాయి.

జూలై 4

శాంతమ్మకు ఐదో నెల. బిడ్డ కదిలిందట. నాకు చెప్పింది శాంతమ్మ కాదు... మంత్రసాని ఖాజాబీ. వాకిట్లోనే నిలబెట్టింది నన్ను.

"ఏం పంతులూ, లోపల చేపపిల్ల ఎగురుతుంది. జర మిఠాయి తినిపియ్."

నా భార్య కడుపులో సంగతి నాకంటే ముందు ఆ ముసలమ్మ చేతికి తెలిసింది. లోపలికి పోయి అడిగాను.

"వాయువేమో అనుకున్న. ఆమె చెయ్యి పెట్టి చూసి చెప్పింది. గంతే. దానికింత మొకం మాడ్చుకుంటరా?"

నేనూ చెయ్యి పెట్టాను. ఏమీ లేదు. ఇంకాసేపు పెట్టాను. ఏమీ లేదు. "అది గూడ పండుకుంటదయ్యా" అని నవ్వింది.

జూలై 7

ఇంట్లో ఇప్పుడు ఖాజాబీ మాటే ధర్మశాస్త్రం. ఎడమ పక్కకు తిరిగి పడుకోవాలి. నిండు బిందె ఎత్తొద్దు. గుండెల్లో మంటకు కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు తినాలి. తోటకూర, పల్లీలు, బెల్లం. పిక్క పట్టేస్తే పాదం పైకి వంచి పట్టుకోవాలి. ముఖం ఉబ్బినా, కళ్లు మసకలు కమ్మినా, బట్టకు ఎరుపు అంటినా ఒక్క గడియ ఆగకుండా దవాఖానకు. నేను ఇన్నేళ్లుగా చెప్తున్న ప్రార్థన సగం రోజులు మరిచిపోయే మనిషి, ఇవన్నీ ఒక్క పూటలో కంఠస్థం చేసింది.

పొయ్యిగడ్డ మట్టి గీకి తింటోంది. పట్టుకున్నాను. "మన్నుతో చేసిన దేహం మన్ను తినరాదని రాసి ఉంది" అన్నాను. గ్రంథంలో అలా ఎక్కడా లేదు. నోటికి వచ్చింది, అనేశాను. ఆమె మట్టి పారేయలేదు. మూతి మాత్రం తుడుచుకుంది.

జూలై 10

దవాఖానకు తీసుకుపోయాను. నర్సమ్మ కింది రెప్ప లాగి చూసి, రక్తం తక్కువ ఉంది, మన్ను మీదికి మనసు పోయేది అందుకే అంది. గోలీలు ఇచ్చింది. కడుపు మీద చెక్కగొట్టం ఆనించి విన్నది. నేనూ వింటానన్నాను.

"మొగోళ్లు బయట గూసోవాలె."

బయట కూర్చున్నాను. గ్రంథం తెరిచాను. ఒక్క అక్షరం లోపలికి పోలేదు. ఖాజాబీ చెయ్యి విన్నది, నర్సమ్మ చెవి విన్నది. తండ్రికి బెంచీ.

జూలై 12

ఓదెలుకు దమ్ము తగ్గడం లేదు. మూడో వరస క్వార్టరు. నేను గ్రంథం పట్టి వీధిలో నిలబడ్డ కొత్తలో రాళ్లు వేసినవాళ్లే అందరూ. ఆగి విన్న మొదటివాడు ఓదెలు. ఇవాళ నా చెయ్యి వదల్లేదు.

"నన్ను నువ్వే సాగనంపాలె పంతులూ. నీ భుజం మీద, నీ గొంతుతోటి. గా పిలగాడు వద్దు."

గా పిలగాడు వద్దు! సావు మంచం దగ్గర నాకు సంతోషం కలిగింది. రాసుకుంటున్నాను కనుక అబద్ధం ఎందుకు — కలిగింది. మాట ఇచ్చాను.

ఇంటికి వచ్చి చెప్పాను. శాంతమ్మ చేతిలో గిన్నె కింద పెట్టింది.

"కడుపుతోటున్నామె మొగడు పాడె పట్టద్దు. మా అవ్వ మొత్తుకుంటనే ఉండె. పోయినసారి నువ్వు రాయమల్లు పాడె పట్టినవ్. వారం తిరగలే..."

పోయినసారి కడుపు పోయింది కూడా ఐదో నెలలోనే.

"అది అన్యుల ఆచారం శాంతమ్మా. దానికీ దీనికీ సంబంధం లేదు."

"ఆచారమో గీచారమో. కడుపు నాది."

ఎలా ఆగను? నిరుడు పోశం తన పెండ్లాం కడుపుతో ఉందని మేనమామ పాడెకు ఎడంగా నిలబడితే, నేను వేదిక మీద నుంచి పేరు పెట్టి కడిగేశాను. సభంతా ఆమెన్ అంది. పోశం మళ్లీ ప్రార్థనకు రాలేదు.

జూలై 15

దొరికింది. ధర్మశాస్త్రంలోనే ఉంది — యాజకుడు దగ్గరి రక్తసంబంధి అయితే తప్ప శవాన్ని ముట్టి మైలపడకూడదు. పేజీ మూల మడిచాను.

నేను యాజకుణ్ణా? దీపాలు ఇచ్చేవాణ్ణి. అయినా... వెతికిన మాట దొరికినప్పుడు కలిగే ఈ సంతోషం దేవుడు ఇచ్చిందా, సైతాను ఇచ్చిందా?

జూలై 16, ఆదివారం

రత్నం వచ్చాడు. అన్నదమ్ములిద్దరూ బలి తెచ్చిన అధ్యాయం తీశాడు. ఒకడి బలి దేవుడు మెచ్చాడు, ఇంకొకడి ముఖం చిన్నబోయింది. నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. కావాలనే చూడలేదు. గొంతు పెంచడు, బల్ల గుద్దడు. పక్కింట్లో ముచ్చట పెట్టినట్టు చెప్తాడు, జనం ఏడుస్తారు. శాంతమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. నా వాక్యానికి ఎన్నడైనా ఒత్తుకుందా? అసూయ ఎముకలను కుళ్లబెడుతుందని నేనే చెప్తుంటాను. ఏ ఎముకో ఇవాళ తెలిసింది. ఇదిగో, గొంతు కింద.

జూలై 18, పొద్దున

ఓదెలు పోయాడు.

శాంతమ్మ గడప మీద కూర్చుంది. ఏడవలేదు.

"పోతనంటే నిన్ను నేనాపలేను. ఆగితే మాత్రం నా కోసం ఆగినవని చెప్పు. గా పుస్తకం అడ్డం పెట్టకు."

గ్రంథం వైపు చూశాను.

"పేజీ మడిచినవ్. చదివిన. నాకు అక్షరాలు నేర్పింది నువ్వే గదా."

జూలై 18, సాయంత్రం

ఆగాను.

ఓదెలు భార్య లచ్చవ్వ తానే వచ్చింది, తల విరబోసుకుని. "పంతులూ, ఆయన నిన్నే అడిగిండు. అందరు ఎదురుచూస్తున్నరు. రావా?"

చెప్పాల్సింది ఒకటే మాట. నా భార్య భయపడుతోంది, నేనూ భయపడుతున్నాను. అంతే.

"గ్రంథంల రాసి ఉన్నది వదినా. వాక్యం చెప్పేటోడు శవాన్ని ముట్టద్దని."

"గట్లనా... నీకు తెల్వనిదా అయ్యా" అని వెళ్లిపోయింది. తలుపు వెనక శాంతమ్మ. గాజుల చప్పుడు ఆగిపోయింది.

రోడ్డు మలుపు దాకా పోయి నిలబడ్డాను. పాడె ముందు కొమ్ము రత్నం భుజం మీద ఉంది. తెల్ల చొక్కా. వాన తుంపర. నడుస్తూనే పాట ఎత్తుకున్నాడు, వెనక కాలనీ కాలనీ అందుకుంది. ఆ భుజం నాది. ఆ పాట నేను నేర్పిన పాట. ఓదెలు ఎవరిని వద్దన్నాడో ఆ పిల్లవాడే మోశాడు. నా మిత్రుని సావులో కూడా నాకు మొదట వచ్చింది దుఃఖం కాదు.

జూలై 20

"కదులుతుందా?" అన్నాను.

"కదులుతుంది."

చెయ్యి పెట్టబోయాను. పక్కకు తిరిగింది. ఎడమ పక్కకే, ఖాజాబీ చెప్పినట్టు. అటు గోడ ఉంది.

ఖాజాబీ వచ్చింది. లోపల ఇద్దరి నవ్వులు. నేను లోపలికి పోగానే ఆగాయి.

జూలై 23, ఆదివారం

రత్నం ప్రార్థనలో నా పేరు తీశాడు. ప్రాణమిత్రుడు పోయినా, కడుపు కోసుకుపోతున్నా, వాక్యానికి లోబడి శవాన్ని ముట్టని పెద్దమనిషి అన్నాడు. వాడి కళ్లలో కపటం లేదు. నమ్మి అన్నాడు! సభంతా ఆమెన్. లచ్చవ్వ కూడా. ఎన్నాళ్లుగానో రత్నం నోట నా పొగడ్త వినాలని కోరుకున్నాను. వచ్చింది. ఆడవాళ్ల వైపు చూశాను. శాంతమ్మ నోరు కదల్లేదు.

లేచి నిలబడ్డాను. నోరు తెరిచాను. దగ్గు వచ్చింది. కూర్చున్నాను.

బయట చెప్పుల దగ్గర పోశం. పనిమీద అటుగా పోతున్నాడట.

"పంతులూ, మీ ఇంటామెకు ఎన్నో నెల?"

"ఐదు."

"మంచిది. మా ఇంటామెకు గప్పుడు ఆరు."

 సైకిలెక్కి పోయాడు.

జూలై 26

ఏడో నెలకు పుట్టింటికి పోతానంది. నేను తీసుకుపోతానన్నాను. "మా అన్న వస్తడు" అంది. పాత చీరలు చింపి బిడ్డకు బొంత కుడుతోంది. నా పాత ధోవతి కూడా ఇచ్చాను. మెత్తగా ఉందో లేదో చెంపకు ఆనించి చూసింది. కుట్టింది. నా ధోవతి అయినా పనికి వచ్చింది.

జూలై 29, శనివారం

రత్నం ఊళ్లో లేడు. రేపు వాక్యం నాది. పొద్దుటి నుంచి గ్రంథం ఒళ్లో ఉంది, ఏ అధ్యాయమూ తీయలేదు. వాడు ఉంటే బాగుండు అనిపించింది, మొదటిసారి. వాణ్ణి చూసి మండుతుంటే ఇంకేదీ కనిపించదు.

"రేపు నేను రాను" అంది శాంతమ్మ.

"ఏమైంది? ఒంట్లో బాగలేదా?"

"ఒళ్లు మంచిగనే ఉన్నది. ఏం జెప్తవో చెప్పు. అప్పుడొస్త."

చెప్పలేదు. నిజం ఒప్పుకుంటానని చెప్పబోయాను... లచ్చవ్వ ముఖం, ఆ ఆమెన్‌లు. పోశం కూడా వస్తే? రాకపోతే?

ఆదివారాలు కట్టే తెల్లచీర మాత్రం ఉతికింది. తీగ మీద ఉంది. మబ్బు కమ్ముకొస్తోంది. ఆమె తీయడం లేదు. నేనూ లేవడం లేదు.