హళియాళ బస్సులో పది నిమిషాలు

ఏమండీ,

నేను గదగ్‌లో అక్కయ్య ఇంటికి వెళ్తున్నాను. జొన్నరొట్టెలు గుడ్డలో చుట్టిపెట్టాను, తినండి. పదకొండుకల్లా మాత్రం మనవణ్ణి ఎత్తుకుని ధార్వాడ బస్టాండులో ఉండాలి. కోడలు నీలాంబిక బస్సు హళియాళ నుంచి పదకొండుంబావుకు వస్తుంది, పది నిమిషాలే ఆగుతుంది. అది తప్పితే మళ్లీ రెండున్నరకే. వాడు సీసా నోట పెట్టడని తెలుసుగా. బస్సు కనబడక మీకు పాలుపోకపోయినా ఫరవాలేదు, వాడికి మాత్రం పాలు పోవాలి.

ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కా సంచిలో ఉంది, అదీ ఇవ్వండి. బస్సులో ఎవరి పసిబిడ్డ ఏడ్చినా నీలాంబిక చొక్కా పాలతో తడిసిపోతోంది. అయినా ఇంతవరకూ ఒక్క టికెట్టూ తప్పు కొట్టలేదు.

"ఏడాదిపాటు ఉద్యోగం మానేయమను" అని మళ్లీ అనకండి. మన శంకరు మూడు నెలలవాడిగా ఉన్నప్పుడు మీ నోట అదే మాట విని మగ్గం మీంచి లేచాను, మళ్లీ కూర్చోలేదు. ఈ పిల్ల బస్సు దిగదు. నేను దిగనివ్వను.

నిన్న నేను వాణ్ణి తీసుకెళ్తే, టైమైందని డ్రైవరు హారన్ కొట్టబోయాడు. ఉల్లిగడ్డల గంపావిడ "ఆగవయ్యా, నీ బండికి డీజిలు పోసేటప్పుడు మేమేమైనా అన్నామా?" అంది. బస్సంతా నవ్వింది, బస్సు ఆగింది.

శాంతవ్వ

తా.క. మొన్న ఎవరో "ఎవరి బిడ్డ?" అని అడిగితే గొడుగు చాటున ఏదో గొణిగారట. ఈసారి తలెత్తి "కండక్టరమ్మ కొడుకు" అనండి. నేనైతే హుబ్బళ్లి దాకా వినిపించేదాన్ని.