ఖాళీ అని రాసిన మూడేళ్లు

12 ఫిబ్రవరి 2004, గురువారం

పొద్దున కాలేజీలో నా జియాలజీ విద్యార్థిని ఖాసింబీ గ్యాప్ సర్టిఫికెట్ కాగితం నేనే నింపాను. ఇంటర్‌కీ డిగ్రీకీ మధ్య మూడేళ్లు ఏం చేసిందో అందులో రాయాలి. అడగనైనా అడగకుండా "ఖాళీ" అని రాసేశాను. ఆ అమ్మాయి చదువుకుని సంతకం పెట్టింది.

మధ్యాహ్నం క్లాసంతటినీ పిడుగురాళ్ల వైపు సున్నపురాయి గనికి తీసుకెళ్లాను. గోడలో పైపొరకీ కిందిపొరకీ మధ్య సన్నటి గులకరాళ్ల వరస చూపించాను.

"దీన్నే అన్‌కన్‌ఫార్మిటీ అంటారు. కింది పొరలు ఏటవాలుగా ఉంటే ఎవరైనా పసిగడతారు. ఇక్కడ రెండూ సమంగా ఉన్నాయి కాబట్టి మోసపోతాం. మధ్యలో కోట్ల ఏళ్లు ఖాళీ!" అన్నాను, నా పాఠానికి నేనే మురిసిపోతూ.

ఖాసింబీ చెయ్యెత్తింది. "ఖాళీ ఎట్లా అవుద్ది సార్? అప్పుడూ పొరలు పడే ఉంటాయిగా. కొట్టుకుపోయాయంతే."

సరైన జవాబు. ఇన్నేళ్లుగా అదే పాఠం చెబుతున్నవాణ్ని, నేనే ఖాళీ అనేశాను.

తిరుగు బస్సులో అడిగాను, పొద్దున అడగాల్సిన మాట.

"మా అమ్మ మంచాన పడింది సార్. నేను మిరపకాయల తొడిమలు తీసే పనికి పోయేదాన్ని. చేత్తో కలిపి పెట్టవే అని అడిగేది అమ్మ. మిరప చేతులు కదా, నోరు మండుద్దని చివరిదాకా స్పూనుతోనే పెట్టా."

రేపు ఆ కాగితం వెనక్కి తీసుకుని మళ్లీ రాయాలి. ఆ గడిలో ఒక్క మాటకే చోటుంది. ఏం రాయను...