తెర మీద సున్నా

అక్కా,

ఆఫీసు కంప్యూటర్ తెర మీద సున్నా చూసి, బావగారు ఎంత చెప్పినా వినకుండా, ఆయన పని వదిలేసి నిద్రపోయారని మేనేజర్ సస్పెండ్ చేశారు కదా. నువ్వూ అదే నమ్మి, ఆయన మీద కోపంతో అమ్మ దగ్గరికి వెళ్ళిపోయావు. ఇవాళ ఆయన సీట్లో నన్ను కూర్చోబెట్టారు. పెద్ద కంప్యూటర్ చేసిన పనుల లెక్క వేలల్లో ఉన్నదల్లా, నా కళ్ళ ముందే సున్నా అయిపోయింది. గబుక్కున లేచి నిలబడ్డాను.

"కంగారు పడకమ్మా. గంటకోసారి లెక్కను రికార్డులోకి పంపేసి మళ్ళీ సున్నా నుంచి మొదలెడుతుంది," అన్నారు పక్కనున్న సీనియర్.

"మరి ఆ రోజు మేనేజర్ గారు చూసిన సున్నా?"

ఆయన మొహం పాలిపోయింది. రికార్డు తీయించాం. ఆ రోజు పనంతా అందులో భద్రంగా ఉంది.

మేనేజర్ క్షమాపణ చెప్పి బావగారిని మళ్ళీ పనిలోకి రమ్మన్నారు. బావగారు మాత్రం నన్ను ఒక్కటే అడిగారు, "ఇప్పుడైనా మీ అక్క నమ్ముతుందా?" అని.

ఆ జవాబేదో నువ్వే ఆయనకి చెప్పు.

నీ చెల్లెలు